చార్జర్‌లో మూడో తీగ

ఇస్నాపూర్ చౌరస్తాలో సోమయ్యను ఒక లారీ గుద్దేసి ఆగకుండా వెళ్లిపోయింది. పట్టపగలు, నలుగురూ చూస్తుండగానే. చూసినవాళ్లు యాక్సిడెంట్ అన్నారు. అది మర్డర్ అని తెలిసినవాడు ఏజెంట్ కిష్టప్ప ఒక్కడే. అంతకుముందు నరసరాజు కూడా ఇలాగే పోయాడు. ఇద్దరూ సాక్షులు. ఇద్దర్నీ దాచిపెట్టింది కిష్టప్పే.

మర్నాడు పొద్దున్నే పటాన్‌చెరులోని చీఫ్ సూర్యప్రకాశరావు నుంచి పిలుపొచ్చింది. లోకానికి ఆయన ఒక ప్లాంటులో స్టోర్స్ ఆఫీసరు. నట్లూ బోల్టుల మధ్య కూర్చుని బ్రీఫింగ్ ఇచ్చాడు. విక్టర్ అనే విదేశీయుడి ముఠా గడ్డపోతారంలో మందుల కంపెనీ ముసుగులో విషవాయువు తయారుచేసి సరిహద్దు దాటిస్తోంది. అక్కడ ఆ వాయువు తయారుచేసే రియాక్టర్ నడిపిన ముగ్గురిలో ఇక మిగిలింది నాగయ్య ఒక్కడే. మధ్యాహ్నం సంగారెడ్డి కోర్టులో అతని స్టేట్‌మెంట్.

"నాగయ్య పోతే కేసు పోయినట్టే. ఎక్కడ దాచావో నాక్కూడా చెప్పకు."

"ఎవ్వరికీ చెప్పలే సార్," అన్నాడు కిష్టప్ప. అది నిజం. ఆ నిజమే అతన్ని లోపల తినేస్తోంది.

ఎందుకంటే ఆ రోడ్డు మీద మనిషిని మొహం చూసి పోల్చుకోవడం అయ్యే పని కాదు. కంపెనీల కంపుకు బండెక్కిన ప్రతివాడూ ముక్కూ మూతీ కలిపి దస్తీ చుట్టుకుంటాడు. మారువేషం ఖర్చు కూడా తప్పిందని డిపార్ట్‌మెంటు సంబరపడిన మిషన్ ఇది. మరి వాళ్లెలా పసిగడుతున్నారు?

తన బుల్లెట్ బండి క్లచ్ పోయి మెకానిక్ దగ్గర పడి ఉన్నప్పుడు నాగయ్యను సెవెన్ సీటర్ ఆటోలో చిట్కుల్‌కు మార్చాడు. లేబర్ గదుల మధ్య ఒక గది. ఇప్పటిదాకా అటువైపు ఎవడూ తొంగిచూడలేదు. పొద్దునే బుల్లెట్ చేతికొచ్చింది. చిట్కుల్ మలుపు ముందు చాయ్ హోటల్ దగ్గర ఆపి, ఫోన్ తీసుకుందామని ట్యాంకు పక్కనున్న చార్జర్ మీద చెయ్యి వేశాడు. చెయ్యి చురుక్కుమంది.

ఫోన్ ఎప్పుడో నిండింది. పటాన్‌చెరులోనే పిన్ పీకేశాడు. మరి ఈ డబ్బా ఇంకా ఎవరికోసం కరెంటు తాగుతోంది?

స్క్రూడ్రైవర్‌తో మూత విప్పాడు. ఫోన్‌కు పోయే తీగలు రెండు. మూడోది అడుగున దాచిన చిన్న బోర్డుకు పోతోంది. దాని మీద ఎర్రలైటు కొట్టుకుంటోంది. ట్రాన్స్‌మిటర్! బండి కదిలినంతసేపూ అతను ఎక్కడున్నాడో విక్టర్‌కు చాటింపు వేస్తూనే ఉంది. సోమయ్య దగ్గరికీ, నరసరాజు దగ్గరికీ చావును తన బండి మీదే తీసుకెళ్లాడు.

ఆ చార్జర్ ఇచ్చింది కనకమహాలక్ష్మి. టెక్నికల్ వింగ్, భీమవరం అమ్మాయి. కూలింగ్ గ్లాసులు పెట్టుకుని నడిచొస్తుంటే ఆఫీసులో ఫ్యాన్లు తప్ప అన్నీ ఆగిపోయేవి. తనే నేల మీద కూర్చుని, గోళ్లకు గ్రీజు అంటినా లెక్కచెయ్యక, సీటు కింద వైర్లు బిగించింది. "మీ ఫోను ఎప్పుడూ చచ్చే ఉంటదండి. నేను మాట్లాడాలంటే ఎలాగండి మరి?" అంది. దాన్ని ప్రేమనుకున్నాడు ఈ వెర్రిబాగులవాడు.

ఏడవడానికి టైము లేదు. హోటల్ ముందు జహీరాబాద్ పోయే సిమెంటు లారీ ఆగి ఉంది. లారీకి రెండు బ్యాటరీలు. రెంటినీ కలిపి లాగితే చార్జర్ మాడిపోతుంది. ఒక్కదానికే క్లిప్పులు తగిలించి, డబ్బాను సిమెంటు బస్తాల మీద కప్పిన తాటిపత్రి కిందికి తోశాడు. పక్కనున్న ఎస్టీడీ బూత్ నుంచి చీఫ్‌కు ఒక్కటే మాట చెప్పాడు. సదాశివపేట దగ్గర లారీ వెనక వచ్చే బండిని పట్టుకోమన్నాడు.

లారీ కదిలింది. కాసేపటికి నల్ల అద్దాల సుమో ఒకటి దాని వెనకే దూసుకుపోయింది.

అప్పుడే ఫోన్ మోగింది.

"కిష్టప్ప గారూ, చార్జింగుందాండి?"

"ఫుల్లున్నది లక్ష్మీ. జహీరాబాద్ రోడ్డెక్కిన."

"జాగ్రత్తండి."

చిట్కుల్ నుంచి నాగయ్యను వెనక కూర్చోబెట్టుకున్నాడు. "గింత సప్పుడు చేసే బండి మీద దాసుకుంట పోవుడేందన్నా?" అని దారిపొడుగునా నాగయ్య ఒకటే గొణుగుడు. పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో లారీలు నేరుగా పోతుంటే బుల్లెట్ సంగారెడ్డి ఊళ్లోకి తిరిగింది.

కోర్టు వరండా. నాగయ్య పేరు పిలిచారు. అతను గుమ్మంలో కాలుపెట్టబోతుండగా నల్లకోటు లాయరమ్మ ఒకావిడ ఫైళ్లతో ఎదురొచ్చింది. కళ్లజోడు, నెరిసిన విగ్గు, చేతిలో పెన్ను. వేషం బాగానే కుదిరింది. కానీ ఆ నడక కోసం ఆఫీసు మెట్ల దగ్గర ఏడాదిపాటు బండాపుకుని కూర్చున్నవాడు కిష్టప్ప.

మణికట్టు పట్టి మెలితిప్పాడు. పెన్ను మొనలోంచి బయటికొచ్చిన సూది నాగయ్య చొక్కాకు తగలబోయి ఆగింది. పెన్ను కిందపడింది. నాగయ్య లోపలికి వెళ్లాడు.

"జహీరాబాద్ అంటే నమ్మలేదా?" అడిగాడు కిష్టప్ప.

"ఎక్కడికెళ్తున్నారో ఏనాడూ చెప్పని మనిషి, ఇవాళ అడక్కుండానే చెప్పారు కదండీ." కళ్లజోడు తీసి నవ్వింది. "మీకు అబద్ధమాడ్డం రాదండి. అందుకే నాకు మీరంటే..."

"వద్దు. గా మాటొక్కటి చెప్పకు."

పోలీసులు ఆమెను జీపెక్కించారు. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని నిలబడ్డాడు. చూడలేదు.

సాయంత్రం చీఫ్ ఫోన్. సదాశివపేటలో సుమోతో సహా విక్టర్ దొరికాడు. పైవాళ్లు తెగ మెచ్చుకుంటున్నారు. మెచ్చుకోక, వాళ్ల సొమ్మేం పోయింది?

"నీ బండికి కొత్త చార్జర్ శాంక్షన్ చేయించానోయ్. రేపే బిగించుకో."

ఫోన్‌లో చార్జింగు ఆఖరి గీత మిణుకుమిణుకుమంటోంది.

"వద్దు సార్," అన్నాడు కిష్టప్ప. "ఇగ నాకు ఫోన్ చేసెటోళ్లు మీరొక్కరే. ఆ మాత్రానికి చార్జింగెందుకు?"