గుంతకాడ ఇచ్చిన మాట

మక్తల్ బస్టాండుకు ఎదురుగా, ఎరువుల దుకాణానికీ టీ కొట్టుకూ నడుమ, నాగేందర్ ఆన్‌లైన్ సెంటర్ ఉండేది. ఒక కంప్యూటర్, ఒక జిరాక్స్ మిషన్, ఫొటోలు కోయడానికి పొడవాటి కత్తి ఉన్న కట్టర్. ఎప్పుడూ కాలిన ప్లాస్టిక్ వాసన. కులం, ఆదాయం, పింఛను, పట్టా... మనిషి తాను మనిషేనని రుజువు చేసుకోవాలంటే ఆ ఇరుకు గదిలోకి వచ్చి గాజు ముక్క మీద వేలు పెట్టాలి. 'ప్రజలే చరిత్ర నిర్మాతలు' అని రాసిన కాగితం నా కంప్యూటర్ పక్కన అంటించుకున్నాను. ఆ చరిత్ర నిర్మాతలు బయట ఎండలో వరస కట్టేవారు. పగలు నేను నాగేందర్ దగ్గర కీబోర్డు కొట్టేవాణ్ని, సాయంత్రం కరపత్రాలు పంచేవాణ్ని. ఒకే చేత్తో రెండు పనులూ చేస్తున్నానని నాకు సిగ్గు కూడా ఉండేది కాదు.

గాలయ్య మా ఊరి గొర్లకాపరి. సోలార్ కంపెనీ ఊరి భూములు అడిగితే, తన మూడెకరాలకు అతనొక్కడే సమ్మతి ఇవ్వలేదు. "గొర్లు అద్దాలు మేస్తయా సారూ?" అని గ్రామసభలో అడిగితే ఊరంతా నవ్వింది. పదిరోజులకు క్వారీ నీళ్లలో శవమై తేలాడు. కుడి బొటనవేలు లేదు. చేపలు తిన్నాయన్నారు. చేపలు ఎముకను అంత నున్నగా కోయవు.

ఆ వేలు నాకు బాగా తెలుసు. దానికి అడ్డంగా పాత కొడవలి గాటు ఉండేది. ఆ గాటు వల్ల మిషన్ ఒక పట్టాన పట్టేది కాదు. పింఛను కోసం వచ్చినప్పుడల్లా నేనే నాలుగైదు సార్లు ఒత్తించేవాణ్ని.

మా ఊళ్లో గుంత పూడ్చేటప్పుడు ఎవరూ మాట్లాడరు. మూడు పిడికిళ్ల మన్ను వేసి, వెనక్కి చూడకుండా నడుస్తారు. నేను మాట్లాడాను. పిడికిట్లో మన్ను పట్టుకొని, నరాలు తెగేలా అరిచాను.

"గాలయ్యా! నీ వేలు తీసినోళ్ల వేళ్లు తీస్తం! ఒక్కణ్ని ఇడ్వం! నెత్తుటి బాకీ నెత్తురుతోనే!"

గాలయ్య భార్య గోవిందమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఏడుపు ఆపి, చెవి దగ్గర గొణిగింది.

"మన్ను పట్టుకొని మాటియ్యకు బిడ్డా. పోయినోడు గా మాట ఎంబడి తీస్కపోతడు. మల్ల అడగనీకి వస్తడు."

"చిన్నమ్మా, ఇవన్నీ మూఢనమ్మకాలు" అన్నాను. పిడికిలి విప్పాను. మన్ను రాలింది.

పూడ్చిన రెండో రోజున, గాలయ్య వేలిముద్రతో కంపెనీకి సమ్మతి నమోదైంది.

అభ్యంతరం చెప్పడానికి గడువు మే నెలాఖరు, సాయంత్రం ఐదు గంటలు. దాటితే మూడెకరాలూ పోతాయి. మంద మేసే జాగా పోతుంది. ఆఖరి రోజు మూడున్నరకు గోవిందమ్మ మరణ పత్రం కొంగున కట్టుకొని వచ్చింది. అప్పటికే ఈదురుగాలి మొదలైంది. బజారంతా ఎర్రటి దుమ్ము. పక్క దుకాణాలు షట్టర్లు దించేశాయి. పట్టపగలే దీపాలు పెట్టే చీకటి పడింది.

ఫారం సగం నింపానో లేదో, తెర మూలన చిన్న డబ్బా ఒకటి లేచింది.

'వేలు పెట్టండి.'

మూసేశాను. దానితోపాటు బ్రౌజర్ కూడా మూసుకుపోయింది. మళ్లీ నొక్కాను. 'బ్రౌజర్ ఇప్పటికే తెరిచి ఉంది. మరోసారి తెరవలేము.'

తెర మీద ఏమీ లేదు. ఎక్కడ తెరిచి ఉంది?

ప్రోగ్రాంల జాబితా వెతికాను. ఆ డబ్బా పేరు అందులో లేదు. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే రకం. కిరాయి మాట్లాడకుండా ఇంట్లో దిగినవాడి లాంటిది, ఏ లెక్కలోనూ పేరుండదు. దాని ఫోల్డర్ ఒక మూల దొరికింది. తీసేయబోతే, 'వాడుకలో ఉంది, తీయలేము' అంది. తెరిచి చూశాను.

వేలిముద్రలు. వందల బొమ్మలు. ఒక్కోదానికి ఒక్కో పేరు. చివరి ముద్రలో గీతలన్నిటినీ అడ్డంగా కోస్తూ తెల్లటి గాటు. కింద తేదీ. పూడ్చిన రెండో రోజు.

నేను కుర్చీలోంచి సగం లేచాను.

"ఏమైంది బిడ్డా?"

"ఏం లేదు చిన్నమ్మా. జర ఆగు."

టాస్క్ మేనేజర్ తెరిచాను. బ్రౌజర్ అక్కడుంది, తెర మీద కనపడకుండా, లోపల్లోపల నడుస్తూ. ఆపేశాను. మాయమైంది. రెండు క్షణాల్లో మళ్లీ వచ్చింది. ఆపాను. వచ్చింది. కంప్యూటర్ మొత్తం ఆపి మళ్లీ వేశాను. విండోస్ గుర్తు కూడా రాకముందే ఆ డబ్బా వచ్చింది.

'వేలు పెట్టండి.'

గాజు కింద ఎర్రటి దీపం వెలిగింది. దాని మీద ఎవరి వేలూ లేదు.

నాగేందర్‌కు ఫోన్ చేశాను. "అన్నా, గీ వేలిముద్రల ఫోల్డర్ ఏందే? పోతలేదు."



"ముట్టకు విజేందర్. ఎన్క నుంచి ఏమీ గుంజకు. వస్తున్న."

వెనక నుంచి. కంప్యూటర్ వెనక్కి చెయ్యి పోనిచ్చాను. నల్ల టేపుతో చుట్టిన పెన్‌డ్రైవ్. అందుకే ఫోల్డర్ పోవడం లేదు, అసలుది ఇక్కడుంది. గుంజాను. తడిగా ఉంది... క్వారీ నీళ్ల నాచు వాసన.

పెన్‌డ్రైవ్ నా పిడికిట్లో ఉంది. తెర మీద డబ్బా అలాగే ఉంది.

'వేలు పెట్టండి.'

గోవిందమ్మ కుర్చీలోంచి లేచింది. ఆమె తెరను చూడటం లేదు. నా పక్కనున్న ఖాళీని చూస్తోంది.

"వచ్చిండు" అంది మెల్లగా. "నేను జెప్పలే?"

నాగేందర్ లోపలికి వచ్చాడు. నిలువెల్లా దుమ్ము. షట్టర్ సగానికి పైగా దించాడు.

"గా పెన్‌డ్రైవ్ ఇటియ్యి. ముసల్దాన్ని ఇంటికి తోలు."

"గాలయ్య వేలు ఎవరు కోసిండ్రన్నా?"

"లీడరువయినవా? నా జీతం తినుకుంట నన్నే అడుగుతవా?"

"ఎవరు కోసిండ్రు?"

"సచ్చినంకనే కోసినం రా! బతికుండంగ కాదు!" అరిచాడు. "నేనొక్కన్నా? నలుగురం. ఇంకొకడు కల్వకుర్తిల ఉన్నడు, పోయి వాన్ని అడుగు, దమ్ముంటే."

నేను కదిలేలోపు స్టూలు ఎత్తి నా మొహం మీద కొట్టాడు. పన్ను విరిగి నాలుక మీద పడింది. రెండో దెబ్బకు చెవి చీలింది. గోవిందమ్మ అడ్డం వస్తే జుట్టు పట్టి షట్టర్‌కేసి బాదాడు. రేకు మోగింది. నేను అతని నడుము పట్టుకున్నాను. ఇద్దరం బల్ల మీద పడ్డాం. అతని మోకాలు నా గొంతు మీద...

కరెంటు పోయింది.

జిరాక్స్ మిషన్ ఆగింది. ఫ్యాన్ ఆగింది. కంప్యూటర్ మాత్రం ఆగలేదు. ఆ వెలుతురులో నాగేందర్ కుడిచెయ్యి కట్టర్ పలక మీద చాపి, బొటనవేలు కత్తి కింద ఉండటం చూశాను. పెనుగులాడుతున్నాడు. చెయ్యి ఎత్తలేకపోతున్నాడు. పైనుంచి ఎవరో అదిమినట్టు ఉంది. నేను కాదు. నా రెండు చేతులూ అతని మోకాలి కింద ఉన్నాయి.

"ఇడువు... ఎవడ్రా... ఇడువు..."

అప్పుడు నా కుడిచెయ్యి జారి బయటికి వచ్చింది. నేను తీయలేదు. అది తనంతట తానే పోయి కట్టర్ పిడి పట్టుకుంది. వద్దనుకున్నాను. నిజంగా వద్దనుకున్నాను. వర్గశత్రువు అని ఎన్ని సభల్లో అరిచినా, ఆ క్షణాన నా ముందు భయంతో ఉచ్చ పోసుకుంటున్నది ఒక మనిషి. నా చెయ్యి నా మాట వినలేదు. నా పాత మాట విన్నది.

కత్తి దిగింది.

టక్.

ఒక్కసారికి తెగలేదు. ఎముక దగ్గర ఆగింది. చెయ్యి మళ్లీ ఎత్తింది. మళ్లీ దించింది. మళ్లీ... నాలుగైదు సార్లు. గాలయ్య వేలిని నేను ఒత్తించినట్టే.

నాగేందర్ అరుపు షట్టర్ దాటి గాలిలో కలిసిపోయింది. ఆ చేతిని కడుపులోకి అదుముకొని, రక్తం కారుస్తూ పాక్కుంటూ బయటికి పోయాడు.

తెర మీద బ్రౌజర్ తెరుచుకుని ఉంది.

ఫారం పూర్తిగా నిండి ఉంది. 'వేలిముద్ర సరిపోయింది. మీ అభ్యంతరం స్వీకరించబడింది.' అర్జీదారు, గోవిందమ్మ. సమయం నాలుగు యాభై ఎనిమిది.

గోవిందమ్మ షట్టర్ పక్కన చతికిలబడి ఉంది. నుదురు పగిలింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఉన్నాయి.

"నేను పెట్టలే బిడ్డా" అంది.

గాజు మీద తడి. నాచు వాసన.

మూడెకరాలు ఇప్పటికైతే మిగిలాయి. కట్టర్లో చెయ్యి పడ్డదని నాగేందర్ దవాఖానలో చెప్పాడట. నా పేరు చెప్పలేదు. తెగిన వేలు మాత్రం ఆ గదిలో ఎవరికీ దొరకలేదు. పెన్‌డ్రైవ్‌ను నేను బండరాయితో చితగ్గొట్టి క్వారీలో పారేశాను.

నిన్న పొద్దున లేచేసరికి నా ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి ఉంది. కల్వకుర్తికి మొదటి బస్సు ఎన్ని గంటలకని ఎవరో వెతికారు. మూసేశాను. తెరుచుకుంది. మూసేశాను. తెరుచుకుంది. ఫోన్ ఆపేశాను.

ఇవాళ మళ్లీ వేస్తే, నా బొటనవేలికి తాళం తీయడం లేదు. తుడిచి పెట్టాను. కడిగి పెట్టాను. ఐదోసారి వాకిట్లోకి వచ్చి, ఎండలో వేలు చూసుకున్నాను.

అడ్డంగా కొడవలి గాటు. కొత్తది కాదు. ఎప్పుడో చిన్నప్పుడు తెగి మానినట్టుంది.