భోజనాల గదిలో చోటు

పొద్దున్నే కాఫీ తాగి, ఆ బస్సు కండక్టరు ఒక పాత చొక్కా తొడుక్కుని భోజనాల గదిలో నేలమీద చిరుగు దుప్పటి పరిచాడు. భార్య అలిగి చెల్లెలింటికి వెళ్ళి రెండు నెలలు దాటింది. వెళ్ళేముందు ఆవిడ అన్న మాట ఒక్కటే: "ఈ ఇంట్లో నాకు చోటు లేదు."

బతుకంతా బస్సులో చోటు గురించి అరిచిన మనిషి. అలవాటు కొద్దీ, "కాస్త సర్దుకుంటే చోటు అదే వస్తుంది" అన్నాడు. నవ్వుతుందనుకున్నాడు. ఆవిడ సంచీ సర్దుకుంది.

కూతురు పనికి వెళ్ళాక ఒంటరిగా తింటూ ఆలోచిస్తే, నిజమే, గది ఇరుకే అనిపించింది. సగం గోడ మింగేసిన బీరువా, నడిచేవాళ్ళ తుంటికి తగిలే బల్ల, పొగచూరిన రంగు. ఇంత ఇరుకులో ఏ ఆడమనిషి ఉంటుంది? పనివాళ్ళను పెడితే తను చేసినట్టెలా అవుతుందని సెలవు పెట్టి తనే దిగాడు. బీరువా హాల్లోకి ఈడ్చాడు. బల్ల గీకి వార్నిషు పూశాడు. గోడల బొక్కలకు లప్పం పెట్టాడు. ఆవిడకు ఏ రంగు ఇష్టమో ఎంతకీ గుర్తురాక, కొట్టువాడు చూపించిన లేత పసుపే తెచ్చాడు. గది పెద్దదైందని, రంగు వేస్తున్నానని ఫోను చేసి చెబితే, ఆవిడ "అలాగా" అని పెట్టేసింది.

మందుల షాపులో పనిచేసే కూతురు ఆ రోజు సాయం పట్టింది. గోడలన్నీ మెరిశాయి గానీ, వంటింటి గుమ్మం పక్కన ఒక మరక మాత్రం లొంగలేదు. తల ఎత్తులో, అరచేయంత. ఎన్నిసార్లు రంగు కొట్టినా ఆరగానే పైకి తేలుతోంది. గోడలో పైపు కారుతోందని, అది బిగించినవాణ్ణి పేరు పెట్టి తిట్టడం మొదలుపెట్టాడు.

కూతురు రోలరు పక్కన పెట్టింది. "అది నీళ్ళు కాదు నాన్నా. అమ్మ తలనూనె."

"ఇక్కడికెలా వచ్చింది?"

"మనం తింటున్నంతసేపూ అమ్మ ఎక్కడుండేది?"

కుర్చీల వంక చూశాడు. మూడో కుర్చీ నిండా ఎప్పుడూ ఇస్త్రీ బట్టలే.

"నేను కూర్చోవద్దన్నానా?" అన్నాడు.

"కూర్చోమన్నావా?" అని, కాసేపటికి గొంతు తగ్గించి, "నేనూ అనలేదులే. ఉప్పేదీ, నీళ్ళేవీ అనడమే" అంది.

కూతురు స్నానానికి వెళ్ళాక, అతను ఆ గుమ్మం పక్కన నిలబడి గోడకు తల ఆనించాడు. పచ్చి రంగు జుట్టుకంటింది. అక్కణ్ణుంచి అతని కుర్చీ వీపు తప్ప మరేమీ కనబడలేదు. ఇన్నేళ్ళూ ఆవిడ చూసింది ఈ వీపునే. ఆవిడ గాజుల చప్పుడు ఒక్కసారి వినబడితే చాలనిపించింది.

ఫోను చేశాడు. రంగు అయిందా అని ఆవిడే అడిగింది, అడగాలి కాబట్టి అడిగినట్టు.

"బల్ల దగ్గర నీకు ఎక్కడ కూర్చోవాలని ఉంటుంది?" అన్నాడు.

చెల్లెలికి వినబడకుండా పక్కకు వెళ్ళినట్టుంది, అవతల తలుపు మూసిన చప్పుడైంది.

"మీ కుర్చీలో" అంది చివరికి. "కిటికీ పక్కన. అక్కడ గాలి బాగుంటుంది."

"ఎన్నడూ అడగలేదే."

"అడిగితే ఇచ్చేవారా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "ఇచ్చేవాణ్ణి కాదు."

ఆవిడ ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. ఏడుస్తోందో, నవ్వుతోందో. "రంగు వాసన నాకు పడదు. పోయాక వస్తాను. ఆ కిటికీ తెరిచి ఉంచండి."

వెళ్ళి రెక్కలు బార్లా తెరిచాడు. నిజంగానే గాలి వచ్చింది. ఇన్నాళ్ళూ అది తనొక్కడి మొహానికే తగిలిందని అప్పుడు తెలిసి, రంగు చేతులతోనే కళ్ళు ఒత్తుకున్నాడు.