మెట్ల కింది గది

ఉదయం కోడలు బూట్ల లేసులు కట్టుకుంటోంది. అత్తగారు మనవడికి ఆఖరి ముద్ద పెట్టి, మూతి తుడిచి, తలెత్తకుండానే అంది.

"సోమవారం నుంచి వీణ్ని నేను చూడను. ముందే చెప్తున్నా."

లేసు పట్టుకున్న చెయ్యి ఆగింది. "ఏమైంది అత్తయ్యా?"

"లాయరంటే కోర్టుకెళ్తుంది. నువ్వు మగాళ్ళని వెంటేసుకుని సెల్లార్లలో తిరుగుతున్నావట. పక్కింటావిడ చెప్తే తల కొట్టేసినట్టయింది."

"నాది కోర్టు పని కాదు. షాపులు, ఆఫీసులు ఉండే బిల్డింగులు కొనేవాళ్ళ తరఫున ముందే అన్నీ సరిచూసి..."

"నాకెక్కదులే."

కొడుకు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మకీ పెళ్ళానికీ మధ్య అతనికి తెలిసిన చట్టం అదొక్కటే.

ఆఫీసులో కోడలికి ఒక విభాగం అప్పగిస్తామన్నారు. పని పెరుగుతుంది. బాబుని చూసే మనిషి లేకపోతే ఆమె ఒప్పుకోవడం కుదరదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

ఆ రోజే భర్తని బాబు దగ్గర ఉంచి, అత్తగారిని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ కోడలు దారిలో నాలుగంతస్తుల బిల్డింగు ముందు కారాపింది.

"దీన్ని కొనే ఆయన ఇవాళ సంతకం పెడతాడు. ఈలోపు నేను లోపలంతా ఓసారి చూడాలి. కార్లో కూర్చోండి."

"ఎండలో బట్టల్లా ఆరడానికా? నేనూ వస్తా."

కొనే ఆయన, అమ్మేవాళ్ళ మేనేజరు, బ్రోకరు ఎదురొచ్చారు. కోడలు ముందు నడిచింది. ప్రతి తలుపూ కొట్టింది. చెప్పుల షాపులో, దంతవైద్యుడి గదిలో, ఆడిటరు ఆఫీసులో ఒకటే ప్రశ్న: "మీరెవరు? ఎప్పట్నుంచి ఉంటున్నారు? ఎవరు ఉండమన్నారు?" జవాబుల్ని అద్దె ఒప్పందాలతో సరిచూసుకుంది. చివరికి సెల్లార్లో మెట్ల కింద ఒక తలుపు దగ్గర ఆగింది.

"చీపుర్ల గది మేడం," అన్నాడు మేనేజరు.

"తియ్యండి."

లోపల ఒకావిడ గొడుగు బాగుచేస్తోంది. కోడలు ఆవిణ్నీ అదే అడిగింది. "ఓనరు పెద్దాయన బతికుండగా ఉండమన్నాడమ్మా. నెలనెలా అద్దె కడుతున్నా. కాగితం లేదు."

మేనేజరు నవ్వాడు. "ఆవిడ లెక్కలో లేదు మేడం. సాయంత్రానికి ఖాళీ చేయిస్తాం."

"అలాగైతే మేం కొనం." కోడలు కొనే ఆయన వైపు తిరిగింది. "కాగితం లేదు గానీ మనిషి ఉంది. ఆమెకేదైనా హక్కుంటే దాంతో సహా కొన్నట్టే. తెలీదని రేపు మనం అంటే కోర్టు నమ్మదు. ఆమె పేర ఒప్పందం రాశాకే సంతకం."

"అవతల అప్పిచ్చే బ్యాంకువాళ్ళు కూర్చున్నారు మేడం!" అన్నాడు బ్రోకరు.

"కూర్చోనివ్వండి."

కొనే ఆయన జేబులోంచి తీసిన పెన్ను మళ్ళీ జేబులో పెట్టాడు. "మేడం సరే అనేదాకా ఇది బయటికి రాదు."

అత్తగారు మెట్ల కమ్మీ పట్టుకుంది. ఆమె ఎరిగిన ఇళ్ళలో మగాళ్ళు ఒక మాటన్నాక ఇక తిరుగుండదు. ఇక్కడ ముగ్గురు మగాళ్ళు, పైన నాలుగంతస్తులు, అవతల బ్యాంకు, అన్నీ తన కోడలి 'సరే' కోసం ఆగాయి. ఆమె గొంతైనా పెంచలేదు.

కారెక్కాక అత్తగారు అంది. "ఆ గొడుగులావిణ్ని కూడా అడిగావే."

"అడగాలి కదత్తయ్యా. ఉన్న మనిషిని లేనట్టు లెక్కేసుకుంటే..."

కోడలు ఆ మాట పూర్తి చెయ్యలేదు. కారు పక్కకు తీసి ఆపింది.

"బాబుని చూస్తారా అని మిమ్మల్ని ఒక్కసారి కూడా అడగలేదు నేను. మీరు ఇంట్లోనే ఉన్నారు, చూస్తారు అనుకున్నా."

అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "కళ్ళ డాక్టరు దగ్గరికెళ్తూ ఏడిపిస్తావేంటే! సరే, ఇప్పుడడుగు. ఇందాక తలుపు కొట్టి అడిగావే, అలా."

"సోమవారం నుంచి బాబుని చూస్తారా అత్తయ్యా? మీకు ఇష్టమైతేనే."

"చూస్తా. మధ్యాహ్నం నా నిద్ర జోలికి రాకూడదు. ఆదివారం పూర్తిగా నాది."

"అలాగే. మాటిస్తున్నా."

"మాట చాలదు," అంది అత్తగారు. "రాయి."