వణకని చెయ్యి

"సాయంత్రం లోపల ఆ తమ్ముడు తమ్ముడు కాదని రుజువు చెయ్యాలి. లేదంటే మన రాడార్ రహస్యం గోడ దాటినట్టే," అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ సరేనన్నాడు. చీఫ్ ముందు మరో మాట అనే అలవాటు ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరికీ లేదు.

కేసు చూడ్డానికి చిన్నదే. రాడార్ ల్యాబ్ డైరెక్టర్‌కి అరవై ఏళ్లు. నా అన్నవాళ్లు లేని మనిషి. నెల కిందట ఒకడు వచ్చి ఆవిణ్ణి "అక్కా" అని పిలిచాడు. ఆవిడ తాతగారు తన పిల్లల పుట్టుకలు సొంత చేత్తో రాసుకున్న కుటుంబ పుస్తకం రికార్డ్స్ ఆఫీసులో ఉంది. అందులో చివరి పంక్తిలో, పసితనంలోనే దత్తుకిచ్చేసిన ఆఖరి కొడుకు పేరు చూపించాడు. తను ఆ బాబాయి కొడుకునన్నాడు. డైరెక్టర్ క్వార్టర్స్ ల్యాబ్ కంచె లోపలే ఉంది. ఇన్నాళ్లూ వాడు రోజూ విజిటర్‌గా వచ్చిపోతున్నాడు. దగ్గరి బంధువుకైతే అక్కడే ఉండిపోయేందుకు పాస్ ఇవ్వొచ్చు. ఈ సాయంత్రం ఆవిడ దాని మీద సంతకం పెట్టబోతోంది. వాడు విదేశీ ముఠా మనిషని చీఫ్‌కి తెలుసు. కానీ చేతిలో ఆధారం లేదు.

డేగ బైండింగ్ పనివాడి వేషంలో రికార్డ్స్ ఆఫీసులో దూరాడు. పుస్తకం తెరిచాడు. గొలుసుకట్టు రాత. మాట ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు. ఒక అక్షరం తోక పక్కదాని మెడకి చుట్టుకుని ఉంది. వాచీలోని స్కానర్‌తో ఫొటో తీసి హెడ్ క్వార్టర్స్‌కి పంపాడు. శత్రుదేశాల కోడ్‌లన్నీ విప్పిన కంప్యూటర్ ఆలోచించి జవాబిచ్చింది: గుర్రం, గొడుగు, గురువారం.

కదిలే రైల్లోంచి దూకినవాడు, కాలర్‌లో విషం పెట్టుకుని తిరిగేవాడు, ఎప్పుడో పోయిన ఒక పెద్దాయన చేతిరాత ముందు బిక్కమొహం వేసుకుని కూర్చున్నాడు. ఎవర్ని కొట్టాలి? ఎవర్ని బెదిరించాలి? అతనికి ఏడుపొక్కటే తక్కువైంది.

అప్పుడు సెంటు వాసన వచ్చింది. నల్లకళ్లద్దాలు, పట్టుచీర. నెమలి. ఇటు జీతం, అటు జీతం తీసుకునే డబుల్ ఏజెంట్.

"దీపం ఆరిందా?" అంది.

"ఒత్తి మిగిలింది," అన్నాడు డేగ నీరసంగా. కోడ్ సరిపోయింది.

ఆమె తాత దస్తావేజులు రాసేవాడు. ఈ రాత చదవగలిగినవాళ్లలో డిపార్ట్‌మెంట్‌కి దొరికింది ఆమె ఒక్కతే. దొంగ చేతికి తాళాలిచ్చినట్టేనని తెలిసినా, డేగ పుస్తకం ఆమె వైపు జరిపాడు. వేరే గతి లేదు.

నెమలి వేలు పెట్టి మెల్లగా చదివింది. పెద్దకొడుకు, ఇద్దరు కూతుళ్లు, ఆ తర్వాత డైరెక్టర్ తండ్రి, తర్వాత ఇంకో కూతురు. ఆ కూతురి దగ్గర వేలు ఆగింది.

"ఇక్కడికి పెద్దాయనకి చెయ్యి వణుకుడు పట్టుకుంది. గీతలు చూడు."

డేగ చూశాడు. చదవడం రాకపోయినా వణుకు కనిపించింది. దాని కింద దత్తుకిచ్చిన కొడుకు పంక్తి మాత్రం ముత్యాలు పేర్చినట్టుంది.

"మరి ఇక్కడ వణుకేమైంది?"

నెమలి కళ్లద్దాలు తీసింది. "అది రాసింది నేను. అటువాళ్లు వణికిస్తూ రాయమన్నారు. మా తాత దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిన రాత. పాడుచెయ్యడానికి చేతులు రాలేదు."

"ఇప్పుడెందుకు చెప్తున్నావ్?"

"మొన్న బట్టల షాపులో ఆవిణ్ణి చూశా. వాడికి చొక్కా కొంటోంది. మా తమ్ముడికి ఈ రంగు నప్పుతుందామ్మా అని నన్నే అడిగింది. నప్పుతుందన్నా."

డేగ చంకలో పుస్తకంతో క్వార్టర్స్‌కి చేరేసరికి డైరెక్టర్ పెన్ను పాస్ మీద ఆని ఉంది. అతను పుస్తకం తెరిచి ఆ రెండు పంక్తులూ చూపించాడు. జీవితమంతా గ్రాఫులు చదివిన మనిషికి ఒక్క చూపు చాలు. ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. పక్కనే ఉన్న తమ్ముడు కిటికీ వైపు పరిగెత్తాడు. వాచీలోంచి మత్తుసూది దూసుకెళ్లింది. కొత్త చొక్కాతోనే కూలబడ్డాడు. గార్డులు వచ్చి మోసుకుపోయారు.

ఆవిడ పుస్తకంలోకే చూస్తూ కూర్చుంది.

"మొదటివారమే అనుమానం వచ్చింది బాబూ," అంది చివరికి. "మా వంశం సంగతులు అవీ ఇవీ అడుగుతుంటే తడబడేవాడు. ల్యాబ్ కాగితాలు ఇంట్లో పెట్టడం అప్పుడే మానేశా. వాణ్ణి మాత్రం పొమ్మనలేకపోయా. నేను ఆలస్యంగా వస్తే తినకుండా కూర్చునేవాడు."

డేగ దగ్గరున్న ఏ పరికరమూ ఇలాంటిదానికి పనికొచ్చేది కాదు. సంతకం లేని పాస్ తీసుకుని బయటికొచ్చాడు.

ఫోన్ మోగింది. చీఫ్ మహా హుషారుగా ఉన్నాడు. శభాషన్నాడు, నెమలి సంగతి తర్వాత తేలుద్దామన్నాడు, రిపోర్ట్ కోసం ఒక మాట అడిగాడు.

"నష్టమేమన్నా జరిగిందా?"

"ఒక తమ్ముడు, సార్," అన్నాడు డేగ.