పొగ తెలియని ముక్కు

"మీకు జలుబు చేసిందేమో" అన్నాడు రానల్డ్.

అనకుండా ఉండాల్సింది. అప్పుడే గిడ్డంగి గుమ్మంలోకి మేనేజరు గిల్‌క్రిస్ట్ వచ్చి నిలబడ్డాడని అతను చూసుకోలేదు.

రానల్డ్ స్కాట్లండ్‌లోని ఈ ఐలా దీవికి వచ్చింది ఒక విస్కీ పీపా ఎంచుకోవడానికి. ఎల్గిన్‌లో మేనమామ విస్కీ దుకాణం ఉంది. ఏటా విస్కీ కాచే ఏదో ఒక బట్టీ నుంచి మంచి పీపా ఒకటి కొని, సొంత పేరుతో సీసాల్లో నింపి అమ్మడం ఆ దుకాణం ఆనవాయితీ. ఈసారి ఎంపిక మేనల్లుడికి అప్పజెప్పారు. దుకాణంలో అందరూ నమ్ముకునే రుచుల గైడ్ ఒకటి మడిచి జేబులో పెట్టుకుని అతను పడవెక్కాడు. ముందు రంగు చూడు, నోరు కాస్త తెరిచి వాసన చూడు, చిన్న గుక్క వెయ్యి, ఒక నీటి చుక్క కలుపు, ఆగు. ఆ తర్వాత గైడ్‌లో రుచికో గడి చొప్పున గీసిన చక్రంలో నీకు తెలిసిన రుచి మీద వేలు పెట్టు. అంతే పని.

పీపాలు చూపించే పని ఇష్‌బెల్‌ది. బట్టీ ఉన్న ఊళ్లోనే పుట్టింది, ఆ దీవి దాటి ఎక్కడా కాపురం ఉన్న మనిషి కాదు. సముద్రం గోడని తడుతున్న ఆ చీకటి గిడ్డంగిలో పీపా మూత తీసి, పొడవాటి రాగి గొట్టంతో విస్కీ పైకి లాగి, గ్లాసులో పోసి అతని చేతికిచ్చింది. తనూ వాసన చూసి చెప్పింది. ముందు బేరిపండు, నీటి చుక్క పడ్డాక తడి మోకు, చివర్లో కొండ తేనె.

రానల్డ్‌కి మాత్రం పొగ తప్ప ఇంకేమీ తగల్లేదు. తడి కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుతున్నట్టు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. రెండో పీపా, మూడో పీపా, అన్నిటా అదే పొగ. ఆ పిల్ల నోటి వెంట మాత్రం పొగ అన్న మాటే రాదు. పైఊరివాణ్ణని ఆట పట్టిస్తోందనుకున్నాడు. అందుకే జలుబు మాట అన్నాడు.

గిల్‌క్రిస్ట్ గ్లాసు అందుకుని వాసన చూశాడు. ఇష్‌బెల్ చేతికిచ్చి, ఇందులో పొగ ఉందా లేదా చెప్పమన్నాడు.

ఆమె కళ్లు మూసుకుని చాలాసేపు వాసన చూసింది. అబద్ధం ఆడితే పోయేదేమీ లేదు. కానీ ముక్కుసూటి మనిషి.

"నాకు తెలియడం లేదండీ" అంది.

దీవి మొత్తానికీ అంత పొగ విస్కీ ఇంకోటి లేదు. గిల్‌క్రిస్ట్ మొహం మాడిపోయింది. ఈ వసంతం నుంచి బట్టీ తరఫున కొత్త గైడ్ వేయాలనీ, అది ఇష్‌బెలే రాయాలనీ అనుకున్నారు. పొగ తెలియని మనిషి చేత పొగ విస్కీకి గైడ్ ఎలా రాయిస్తామంటూ ఆయన నసిగాడు. సోమవారం నుంచి బట్టీ చూడ్డానికి వచ్చేవాళ్లకి టికెట్లిచ్చే బల్ల దగ్గర కూర్చోమన్నాడు.

ఆ ఊళ్లో అద్దెకి గది ఇచ్చే ఇల్లు ఒక్కటే. అది ఇష్‌బెల్ నాన్నమ్మది.

భోజనాల బల్ల దగ్గర ఇష్‌బెల్ అతనికి రొట్టె అందించలేదు, ఉప్పు అందించలేదు, ఒక్క మాట కూడా అందించలేదు. నాన్నమ్మ మాత్రం చేపల సూపు వంపుతూ, మా పిల్లకి కోపం ముక్కు మీదే ఉంటుంది అబ్బాయ్, ఆ ముక్కుకే వంక పెట్టావు నువ్వు, అంది.

మర్నాడు వెళ్లిపోవాల్సినవాడు. గాలివాన పట్టుకుంది, ఫెర్రీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పొయ్యిలో పీట్ మండుతూనే ఉంది. బురదనేలలోంచి పలకలుగా కోసి ఎండబెట్టిన ఆ నల్లమట్టి తప్ప ఆ ఇంట్లో ఇంకో వంటచెరుకు లేదు. బట్టీలో విస్కీకి బార్లీ ఆరబెట్టేదీ ఆ మంట మీదే. చొక్కాకి ఆ పొగే, దిండుకి ఆ పొగే, రొట్టెకి ఆ పొగే. రానల్డ్ కిటికీ దగ్గర గిడ్డంగి నుంచి తెచ్చుకున్న నమూనా సీసాలు వరసగా పెట్టుకుని, గైడ్ విప్పుకుని కూర్చునేవాడు. ఏది పోసినా వేలు పొగ మీదికే పోయేది. ఏ పీపా కొనాలో తేలేది కాదు.

వాన జోరు తగ్గిన ఒక ఉదయం, అలవాటుగా ఒక గ్లాసు పోసి, నీటి చుక్క వేసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

పొగ లేదు.

సీసా మారిందేమోనని చూశాడు. మారలేదు. విస్కీ దుకాణం మనిషికి ముక్కు పోతే ఇంకేముంది. మళ్లీ వాసన చూశాడు. అప్పుడు, తెల్లారేసరికి మంచు విడిచి ఎదురుగా కొండ నిలబడ్డట్టు, బేరిపండు వచ్చింది. పచ్చిది కాదు, ముగ్గి చెట్టు కింద రాలినది. దాని వెనక, ఉప్పు పట్టిన తడి మోకు. ఇంకా వెనక ఇంకేదో ఉంది. గైడ్ చక్రం మొత్తం తిప్పి చూశాడు, దానికి గడి లేదు. పద్నాలుగేళ్లు చీకట్లో పడుకున్న నీళ్లలో ఇంత లోకం ఉందా అని ముక్కు మీద వేలేసుకుని కూర్చుండిపోయాడు. మిగతా సీసాలన్నీ ఒక్కొక్కటే పోశాడు. నిన్నటిదాకా ఒకే మొహంతో నిలబడ్డవి, ఇవాళ ఏ ఒక్కదానికీ ఇంకోదాని పోలిక లేదు.

కోటు మరిచిపోయి వానలోనే బట్టీకి పరిగెత్తాడు. ఇష్‌బెల్ టికెట్ల బల్ల దగ్గర ఉంది. కొనేవాళ్లెవరూ లేరు.

"నాకు పొగ తెలియడం లేదు" అన్నాడు రొప్పుతూ.

"మీకు జలుబు చేసిందేమో" అంది తల ఎత్తకుండా.

"బేరిపండు వచ్చింది. మోకు వచ్చింది. ఆ చివర్లో ఒకటుంది, తేనె కన్నా ముందు. నాకు పేరు తెలియలేదు. అదేంటి?"

ఇష్‌బెల్ తల ఎత్తింది. అప్పటిదాకా ఆ మూడోదాని సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారని.

"ఎండ. వాన వెలిశాక రాతిగోడ మీద ఎండ పడ్డ వాసన. మాకది ఏడాదికి నాలుగు రోజులే దొరుకుతుంది, అందుకని బాగా గుర్తు."

ఇద్దరూ గిల్‌క్రిస్ట్ గదికి వెళ్లారు. తన ముక్కు కూడా చెడిందని రానల్డ్ చెప్పుకుంటే ఆయన తల పట్టుకున్నాడు. ఇక పొగ సంగతి ఎవరు రాస్తారయ్యా అన్నాడు.

"పడవ దిగినవాడెవడైనా రాస్తాడు గిల్‌క్రిస్ట్ గారూ. పొగ మీ అన్ని పీపాల్లోనూ ఉంది. అన్నిట్లో ఉన్నదాన్ని పట్టుకుని ఒకటి ఎలా ఎంచుకోను? మీ పొయ్యిల పొగ అలవాటై ముక్కుని పొగ వదిలితే గాని ఏ పీపా ఏదో తెలియలేదు నాకు. ఆవిడకి పుట్టుకతోనే వదిలింది."

గిల్‌క్రిస్ట్ వ్యాపారం తెలిసిన మనిషి. పొగ గురించి మొదటి పేజీలో ఒక్క వాక్యం నేను రాసుకుంటాలే, మిగతాదంతా అమ్మాయినే రాయమను, అన్నాడు. ఆ ఎండ వాసన పీపా తనే కొంటానని రానల్డ్ అక్కడే మాట ఇచ్చాడు.

మరుసటి రోజు ఫెర్రీ వచ్చింది. పీపా ఎక్కించారు. రేవు దాకా ఇష్‌బెల్ వచ్చింది. గాలికి జుట్టు మొహం మీద పడుతుంటే తీసుకోవడం కూడా మానేసి నిలబడింది.

"ఎల్గిన్ వెళ్లిన వారానికి మళ్లీ పొగ తెలుస్తుంది మీకు" అంది.

"తెలుస్తుంది."

"అప్పుడిక మిగతావి రావు."

"రావు. రాత్రంతా అదే భయం. నిన్న ఒక్క పూట చూశానంతే, మీరు రోజూ చూస్తున్నది." పడవ వైపు చూపించాడు. "మామయ్యకి కావాల్సింది పీపా. అది పడవెక్కింది. నేను ఎక్కి తీరాలని ఎక్కడా లేదు. మీరు ఒక్క మాట అంటే..."

ఫెర్రీ కూత వేసింది. పడవ మీది మనిషి తాడు విప్పుతూ ఇటు చూశాడు.

ఇష్‌బెల్ అతని చేతిలోంచి సంచి తీసుకుని తన భుజానికి తగిలించుకుంది.

"ఉండు" అంది.

ఉండండి అనలేదు.