మాస్టారి ఖాతా ఇంకా రాస్తోంది

ఎలియాజరు మాస్టారు చనిపోయిన నలభై ఒకటో రోజు ఉదయం ఆరు గంటల పన్నెండు నిమిషాలకు ఒక కామా సరిచేశారు.

ఆరుంపావుకి రెండు తేదీలు దిద్దారు. ఆరున్నరకి ఎవరో కొత్తవాళ్ళు చేసిన తప్పును ఓపిగ్గా వివరించి, చివర "మీ కృషికి ధన్యవాదాలు" అని రాశారు. అచ్చం బతికున్నప్పుడు రాసినట్టే.

ఏజెంట్ దేవీప్రసాద్ ఆ లిస్టు రెండుసార్లు చదివి ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. సబ్బవరం జంక్షన్ దాటాక రోడ్డు పక్కన ఆగి ఉన్న తెల్లకారు అది. వెనక సీట్లో అతని పక్కన ప్రత్యేక విభాగం డైరెక్టర్ గంగాభవాని. టైమ్ తొమ్మిదీ అయిదు.

"లోకకోశం తెలుసుగా?" అంది ఆమె.

"ఆన్‌లైన్ ఎన్‌సైక్లోపీడియా. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు."

"గ్రే హెరాన్ కూడా."

ఆ పేరు దేవీప్రసాద్ విన్నదే. విదేశీ ముఠా. తుపాకులు వాడదు, ఫుట్‌నోట్లు వాడుతుంది. ఏళ్ళ తరబడి నిజాయితీగా పనిచేసి పేరు తెచ్చుకున్న సంపాదకుల్లో ఎవరైనా చనిపోతే, కబురు బయటికి పొక్కేలోపు వాళ్ళ ఖాతాలోకి దూరుతుంది. కొన్నాళ్ళు కామాలు దిద్దుతుంది. తర్వాత చరిత్ర దిద్దుతుంది.

"ఇప్పటికి నూట పన్నెండు మంది, దేవీ. పదకొండు దేశాల్లో. అందరూ పోయినవాళ్ళే. అందరూ రాస్తున్నారు."

ఏసీ నడుస్తున్నా దేవీప్రసాద్ కారు అద్దం కొంచెం కిందికి దించాడు.

"టార్గెట్?"

"నూకలపాలెం గ్యాస్ లీక్. 1997 ఫిబ్రవరి 7. కశింకోట అవతల కెమికల్ ఫ్యాక్టరీలో ఏడుగురు పోయారు. ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడో విదేశీ కంపెనీ మళ్ళీ తెరుస్తోంది. అదే ట్యాంకు, అదే వాల్వు."

"వాళ్ళకి ఆ ప్రమాదం జరిగి ఉండకూడదు."

"జరగలేదనే అంటున్నారు. ఆ ఏడుగురూ అదే రోజు అనకాపల్లి బెల్లం మార్కెట్లో షెడ్డు కూలి చనిపోయారట. ఆధారంగా ఒక పుస్తకం చూపిస్తున్నారు. విదేశీ యూనివర్సిటీ ప్రచురణ. లోపల 2003 అని ఉంది. కాగితం వయసు ఆరు నెలలు."

"పాత పేజీకి ఆధారం?"

"అనకాపల్లి పేపర్లో వచ్చిన వార్త. అది స్థానిక పత్రిక, పక్షపాతం ఉంటుందన్నారు. పైగా లైబ్రరీ ఫైల్లో ఆ వార్తే లేదన్నారు. వారం నుంచీ చర్చ నడుస్తోంది. ఈ రోజు పన్నెండుకి ముగుస్తుంది. తీర్పు చెప్పి పేజీకి తాళం వేసే నిర్వాహకుడు..."

"ఎలియాజరు మాస్టారు."

"పన్నెండుంపావుకి బీమా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆ పేజీ చదువుతుంది. ప్రమాదం కనిపించకపోతే ట్యాంకు నింపుతారు."

"మనమే పేజీ ఆపించొచ్చుగా."

"సర్వర్ మనది కాదు. ప్రభుత్వం వేలు పెడితే సెన్సార్ అంటారు, హెరాన్ మాటే నెగ్గుతుంది. అక్కడ చెల్లేవి రెండే. తటస్థత, అచ్చయిన ఆధారం." ఆమె ఒక ఫోటో అందించింది. నల్లకళ్ళద్దాలు, మెడ దాకా కత్తిరించిన జుట్టు, ఏ ఎయిర్‌పోర్టులోనైనా నలుగురు తల తిప్పి చూసే మనిషి. "రాజశ్రీ. మన డబుల్ ఏజెంట్. రెండేళ్ళుగా హెరాన్‌లో ఉంది. అయిదు వారాలుగా రిపోర్ట్ లేదు. నువ్వు 'మూలం దొరికిందా' అనాలి. ఆమె 'పేజీ నంబరు చెప్పండి' అంటే ఇంకా మనదే."

"అనకపోతే?"

గంగాభవాని ఫోటో వెనక్కి తీసుకుంది.

* * *

పదింటికి అనకాపల్లిలో మాస్టారి ఇంటి ముందు బైక్ ఆగింది. దేవీప్రసాద్ ఒంటిమీద ఇంటర్నెట్ కంపెనీ టీషర్టు, భుజాన టూల్ బ్యాగ్, చేతిలో సిగ్నల్ మీటర్. చూడ్డానికి ఫైబర్ లైన్ చెక్ చేసే మీటరే. నిజానికి అది మాస్టారి ఖాతా ఏ గదిలోంచి కదులుతోందో చూపిస్తుంది.

తలుపు తీసిన కృపావతి డెబ్భై దాటిన మనిషి. "నెట్టు బాగానే వత్తందే," అంది.

"పై నుంచి ఆర్డరమ్మా. ఒకసారి చూసి వెళ్ళిపోతాను."

"సూసుకో బాబూ. మంచినీళ్ళు తెమ్మంటావేటి?"

గోడ మీద ఇద్దరున్నారు. ఒకరు మాస్టారు, దండ ఇంకా వాడలేదు. రెండో ఫోటోలో సన్నటి మీసకట్టు, పంతొమ్మిదేళ్ళు. కింద పేరు, రోనాల్డ్. ఏడుగురిలో నాలుగో పేరు. దేవీప్రసాద్ ఆ పేరు ఇందాకే కారులో చదివాడు.

కుర్చీలో ట్యాబ్ వెలుగుతోంది. లోకకోశంలో మాస్టారి చర్చ పేజీ. సంపాదకులకు ఎవరైనా కబురు రాసే చోటు.

*తిన్నారా?* అని ఉంది. రాసింది కృపావతి.

కింద జవాబు. *తిన్నాను.*

ముందురోజు, *మోకాలు నొప్పి తగ్గిందా?* దాని కింద, *తగ్గింది. నువ్వు మందు వేసుకో.* దేవీప్రసాద్ వేలితో పైకి జరిపాడు. అయిదు వారాలుగా రోజూ ఉంది.

"రోజూ రాత్తాను," అంది కృపావతి, చేతిలో గ్లాసుతో. "ఆయనే నేర్పేరు. ఇలా నొక్కు, అలా నొక్కు అని."

"మాస్టారు నూకలపాలెం పేజీలో చాలా రాశారంట కదమ్మా."

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఒక్క ముక్క రాయనేదు. పదిహేనేళ్ళు ఆ పెట్టె ముందే కూకున్నారు. చెరుకు మీద రాసేరు, పిట్టల మీద రాసేరు, ఆఖరికి రైలు గేట్ల మీద కూడా. కొడుకు మీద మటుకు నేదు. ఏటండీ మీరు రాయరా అంటే, 'నేనాడి తండ్రినే కృపా, నా చెయ్యి ఒకేపుకి ఒంగిపోద్ది, వేరేవోళ్ళు రాయాల' అనేవోరు. ఆ పేజీ తెరిచి సదూకుని మూసేసీవోరు."

"మరి ఈ వారం రోజులుగా..."

"సూత్తన్నాను," అంది ఆమె.

సరిగ్గా అప్పుడు పైన చప్పుడయింది. టక టక టక. మీటర్ ముల్లు నిటారుగా లేచింది. కృపావతి తల ఎత్తలేదు.

"మేడ మీద ఎవరున్నారమ్మా?"

"అక్సా అని, బేంకులో పని. నెల దాటింది దిగి. మంచమ్మాయి."

* * *

మేడగది తలుపు తీసే ఉంది. ఫోటోలో మనిషే, కళ్ళద్దాలు లేవంతే. కళ్ళ కింద నలుపు ఉంది.

"మూలం దొరికిందా?" అన్నాడు దేవీప్రసాద్.

రాజశ్రీ కోడ్ చెప్పలేదు. "పాస్‌వర్డ్ ఆయన బైబిల్ వెనక అట్ట మీద రాసుకున్నాడు," అంది. "పరామర్శకొచ్చి ఫోటో తీశాను. ఆవిడ నాకు టీ పెట్టిచ్చింది."

"రిపోర్ట్ ఎందుకు ఆపేశావు?"

"రిపోర్ట్ చేస్తే ఖాతా మూసేస్తారు. అప్పుడు కింద రాసే ఆవిడకి జవాబెవరిస్తారు?"

"ఏడుగురి చావు తుడిచేస్తున్నావు రాజశ్రీ. అందులో ఒకడు ఆవిడ కొడుకు."

"నన్ను అరెస్టు చేసి లాభం లేదు. టైమర్ పెట్టారు. పన్నెండుకి తీర్పు దానంతటదే పడుతుంది." ఆమె ఒక కాగితం ముందుకు తోసింది. హెరాన్ పుస్తకంలో ఆ పేజీ నకలు. "దీన్ని పడగొట్టాలంటే అచ్చయిన ఆధారం కావాలి. నీ పిస్తోలు అక్కడ చెల్లదు."

దేవీప్రసాద్ మెట్ల మీదే చదివాడు. *ఫిబ్రవరి 7 శుక్రవారం ఉదయం, బెల్లం వేలం జోరుగా సాగుతున్న వేళ...* పక్కా ఇంగ్లీషు. మూడు ఫుట్‌నోట్లు.

పదీ యాభైకి అతను బెల్లం మార్కెట్ యార్డులో ఉన్నాడు. నలభై ఏళ్ళు దిమ్మలు మోసి ఇప్పుడు గేటు దగ్గర కూర్చుని కబుర్లాడే కలాసీ ఎర్రయ్యకి ఆ వాక్యం తెలుగులో చెప్పాడు.

"ఏ తారీకన్నావు?"

"తొంభై ఏడు, ఫిబ్రవరి ఏడు."

ఎర్రయ్య పక్కనున్నవాడి తొడ మీద చరిచాడు. "ఇన్నావేట్రా బావా. మా మరిడమ్మ పుట్టిందారోజే. పుష్య అమాస. పురుడొచ్చిందని ఇంటికాడే ఉన్నాను." దేవీప్రసాద్ వైపు తిరిగాడు. "అమాస నాడు యార్డులో కాటా ఎత్తరు బాబూ. దిమ్మ కదల్దు. మా తాత కాణ్ణించీ అంతే. ఆ రోజు ఏలం ఆడాలంటే దెయ్యాలొచ్చి ఆడాల."

పక్కనున్నవాడు నవ్వాడు. దేవీప్రసాద్ నవ్వలేదు. అప్పటికే బైక్ స్టార్ట్ చేశాడు. ఎర్రయ్య మాట నిజం. కానీ లోకకోశంలో ఎర్రయ్య మాట చెల్లదు, అతను అచ్చు కాలేదు.

లైబ్రేరియన్ శ్రీదేవి 1997 పేపర్ల బైండు బల్ల మీద పెట్టింది. ఫిబ్రవరి 8. మొదటి నాలుగు పేజీలు లేవు. కుట్టు దగ్గర బ్లేడుతో కోసిన అంచులు రెండు, సన్నగా, తెల్లగా నిలబడి ఉన్నాయి. ఏడుగురి ఫోటోలూ వాటి మీదే ఉండేవి.

"పోయిన నెల ఎవరో రీసెర్చ్ అని వచ్చారు సార్," అంది శ్రీదేవి, గొంతు తగ్గించి. "నేనే తీసిచ్చాను."

దేవీప్రసాద్ పేజీలు తిప్పాడు. సినిమాలు. క్రీడలు. ఏడో పేజీ అడుగున, చీమల బారులాంటి అక్షరాల్లో మార్కెట్ ధరలు. విశాఖ, విజయనగరం, తర్వాత ఒకే లైను.

*అనకాపల్లి బెల్లం: నిన్న అమావాస్య సెలవు. లావాదేవీలు లేవు.*

వార్త కోసినవాడికి ధరల పట్టికతో పని పడలేదు. ఈ ఊళ్ళో పెరిగినవాడైతే ముందు దాన్నే కోసేవాడు.

పెన్ స్కానర్ ఆ లైను మీద రెండుసార్లు నడిచింది. టైమ్ 11:34.

* * *

"ఈ ఆధారం నేను పెట్టకూడదమ్మా," అన్నాడు దేవీప్రసాద్, మళ్ళీ మాస్టారి ఇంటికొచ్చి టీషర్టు అబద్ధమని ఒప్పుకున్నాక. "నేను ప్రభుత్వం."

"నేను కన్నతల్లిని. నేనూ పెట్టకూడదు."

"పేజీ ముట్టుకోకూడదంతే. చర్చలో మీరెవరో చెప్పుకుని ఆధారం చూపించొచ్చు. నియమం ఉంది."

కృపావతి ఒక వేలితో రాసింది. అక్షరానికి అక్షరానికి మధ్య దేవీప్రసాద్ టైమ్ చూసుకున్నాడు. *నేను రోనాల్డ్ తల్లిని. అందుకని పేజీ జోలికి రాను. ఆ రోజు మార్కెట్ మూసి ఉంది. అచ్చయిన కాగితం ఇదిగో.*

11:49. రెండు నిమిషాలు ఎవరూ పలకలేదు. తర్వాత పార్వతీపురం నుంచి ఒక సంపాదకుడు. *చూశాను. వేలమే లేని రోజు వేలం జరిగిందన్న పుస్తకాన్ని నమ్మలేం.* జర్మనీ నుంచి ఒకరు. *ఏకీభవిస్తున్నాను.* అయిదుగురు. తొమ్మిది మంది.

కానీ తాళంచెవి చనిపోయిన మనిషి దగ్గరుంది. పైన చప్పుడు లేదు.

కృపావతి లేచి గోడ పట్టుకుని మెట్లెక్కింది. వెనక దేవీప్రసాద్, చెయ్యి నడుం దగ్గర. 11:57.

రాజశ్రీ లాప్‌టాప్ ముందు కదలకుండా కూర్చుంది. తెర మీద టైమర్ తగ్గుతోంది.

"నాకు ముందే తెలుసుననుకోనేదు కదా అమ్మాయ్," అంది కృపావతి, ఆయాసంతో. "నేను కింద రాయగానే ఇక్కడ టక్కుటక్కుమంటాది. ఆ తరవాత జవాబు వత్తాది. మొదటి రోజే తెలిసిపోనాది."

రాజశ్రీ తెర మీంచి చూపు ఆమె వైపు తిప్పింది. "మరి... రోజూ ఎందుకు రాశారు?"

"ఎవులో ఒకరు పలుకుతన్నారు కదాని." ఆమె మంచం మీద చతికిలబడింది. "నన్ను మోసం సేసేవు, సరే, నేనూరుకున్నాను. ఆయన సంతకంతో నా కొడుకుని తీసేత్తన్నావు. తండ్రి చేత సేయించే పనేనా అది?"

11:58. రాజశ్రీ వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి. దేవీప్రసాద్ పిస్తోలు బయటికి వచ్చింది. ఆమె అటు చూడలేదు.

*ఈ ఖాతా యజమాని నలభై ఒక్క రోజుల కిందట చనిపోయారు. ఇన్నాళ్ళూ రాసింది నేను. నేను ఆయన్ని కాను. ఈ ఖాతాను వెంటనే మూసేయండి.*

ఎంటర్. 11:59:20.

ప్రపంచంలో ఎక్కడో మెలకువగా ఉన్న మరో నిర్వాహకుడు ఆ మూడు లైన్లూ చదవాలి, నమ్మాలి, బటన్ నొక్కాలి. ముప్ఫై. నలభై. గదిలో ఫ్యాన్ తప్ప ఏదీ కదల్లేదు. 11:59:56కి తెర ఒకసారి తెల్లబడింది.

పన్నెండు. టైమర్ పేలింది. *ఈ ఖాతాకు అనుమతి లేదు.*

రాజశ్రీ లాప్‌టాప్ మూసి, నూట పన్నెండు పేర్లూ ఉన్న పెన్‌డ్రైవ్ దేవీప్రసాద్ చేతిలో పెట్టింది. "పేజీ నంబరు చెప్పండి," అంది చాలా నెమ్మదిగా.

"ఏడు," అన్నాడు అతను.

కృపావతి ట్యాబ్‌లో చర్చ పేజీ బూడిదరంగుకి మారిపోయింది. రాసే పెట్టె లేదు. ఆమె చాలాసేపు దాని మీద చెయ్యి వేసి ఉంచింది.

* * *

పన్నెండుంపావుకి బీమా సాఫ్ట్‌వేర్ పేజీ చదివింది. గ్యాస్ లీక్ ఉంది. ఏడుగురూ ఉన్నారు. ట్యాంకు ఆగిపోయింది.

పన్నెండున్నరకి నాలుగో పేరు పక్కన చిన్న నీలిరంగు అక్షరాలు పుట్టుకొచ్చాయి. *ఆధారం కావాలి.*

దేవీప్రసాద్ ఆ మార్పు ఎవరిదో తెరిచి చూశాడు. హెరాన్ కాదు. పార్వతీపురం సంపాదకుడు, రిటైరైన పోస్ట్‌మాస్టర్, పంతొమ్మిదేళ్ళ రికార్డు, ఒక్క మచ్చ లేదు. పేపర్ ఫైల్లో పేజీలు లేవు కాబట్టి, తల్లే చర్చలోకి వచ్చిన ఆ పేరుకి వేరే ఆధారం ఉండాలని మర్యాదగా రాశాడు.

"ఏటంటాడు?" అంది కృపావతి.

అతను చెప్పాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని చెప్పుల కోసం చూసింది. "ఆ యేడు మా చర్చి పత్రికలో ఆడి పేరు ఏసేరు. అచ్చు పుస్తకమే. చీడికాడలో మా చెల్లి దగ్గర ఉండాల. కారేదైనా ఉందేటి నీకు?"

ఫోన్ మోగింది. గంగాభవాని.

"మిషన్ ఓవర్?"

"శత్రువులంతా అయిపోయారు మేడమ్," అన్నాడు దేవీప్రసాద్, పెద్దావిడకి విభాగం పంపిన కారు తలుపు తీసి పట్టుకుంటూ. "ఒక్క నిజాయితీపరుడు మిగిలాడు. ఆయనతోనే కష్టం."