పదహారు గంటల విమానం

ఉదయం ఏడింటికే ఇల్లంతా హడావుడిగా ఉంది. సాయంత్రం విమానానికి పిచ్చుక వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళాలి. పదేళ్ళ ఆ పిల్లకు ఆ ముద్దుపేరు పెట్టింది అమ్మమ్మే. తల్లిదండ్రులు విడిపోయి చెరో దేశంలో స్థిరపడ్డాక, సెలవులు రాగానే మెడలో పేరు, వివరాలున్న కార్డు వేసుకుని విమానంలో ఒంటరిగా వెళ్ళడం దానికి అలవాటైపోయింది.

తల్లి పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలు. ఆ రోజు సెలవు పెట్టి పెట్టె సర్దుతూ, ఫోన్లో టికెట్టు తెరిచి చూసి భగ్గుమంది.

“చూశావా అమ్మా, ఆయన నిర్వాకం! నేరుగా వెళ్ళేదైతే తొమ్మిది గంటలు. మధ్యలో ఇంకెక్కడో దింపి, పదహారు గంటలు తిప్పే విమానంలో వేశాడు. కన్నకూతురా, పార్సిలా?”

“పొద్దున్నే మొదలుపెట్టకే,” అంది అమ్మమ్మ, పిల్లకు జడ వేస్తూ.

“నేనా మొదలుపెట్టింది? ఉండు, ఇప్పుడే ఫోన్ చేసి కడిగేస్తాను.”

“వద్దమ్మా,” అంది పిచ్చుక. “నేనే అడిగాను నాన్నని.”

తల్లి మడతపెడుతున్న గౌను వదిలేసింది. “నువ్వా? ఎందుకే?”

“ఊరికే.”

“ఊరికే ఎవరైనా అడుగుతారా? ఇలా చెప్పమని ఆయన నేర్పాడా? నిజం చెప్పు!”

“ఇదిగో, ఇందుకే!” పిచ్చుక ఒక్కసారిగా అరిచింది. సగం వేసిన జడ అమ్మమ్మ చేతిలోంచి జారిపోయింది. “ఇక్కడికొస్తే నువ్వడుగుతావు, నాన్న నా గురించి ఏమన్నాడు, అక్కడ బాగుందా, ఇక్కడ బాగుందా అని. అక్కడికెళ్తే నాన్నా అంతే. బాగుందంటే మీ మొహాలు చిన్నబోతాయి. అందుకే నీకూ అబద్ధం చెప్తాను, నాన్నకీ చెప్తాను. విమానంలో అయితే జ్యూస్ కావాలా, నీళ్ళు కావాలా అని తప్ప ఎవరూ ఏమీ అడగరు.”

తల్లి మంచం మీద కూలబడింది. పిల్లకు ఏ లోటూ రానివ్వడం లేదనే ఇన్నాళ్ళూ అనుకుంది. ఇప్పుడు దాన్ని దగ్గరికి తీసుకోవడానికి కూడా చేతులు రాలేదు.

సాయంత్రం విమానాశ్రయంలో, ఒంటరిగా వెళ్ళే పిల్లల్ని లోపలికి తీసుకెళ్ళే ఉద్యోగిని వచ్చి నిలబడింది. “వెళ్ళాక నన్ను మర్చిపోవుగా?” అని ప్రతిసారీ అడిగే తల్లి, ఈసారి ఆ మాట గొంతులోనే మింగేసింది.

“ఏమీ అడగవా?” అంది పిచ్చుక.

“అడగను తల్లీ.”

పిల్ల తల్లి మొహంలోకి భయంభయంగా చూసింది. “నాన్న దగ్గర కూడా బాగుంటుందమ్మా.”

“మంచిదేగా,” అని నవ్వబోయింది తల్లి. ఆ నవ్వు కాస్తా ఏడుపై బయటికొచ్చింది. “ఈ ఏడుపు నీ మీద కోపంతో కాదే. నువ్వు ఎక్కడున్నా బాగుండు. అది నాతో చెప్పడానికి ఎప్పుడూ భయపడకు.”

పిచ్చుక ఆమె నడుము పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఉద్యోగిని తొందరపెట్టలేదు.

పిల్ల లోపలికి వెళ్ళిపోయాక, తల్లి బెంచీ మీద కూర్చుని పిచ్చుక నాన్నకి ఫోన్ చేసింది.

“మళ్ళీ ఏమైంది?” అన్నాడతను, గొడవకు సిద్ధంగా.

“గొడవకి కాదు. అది దిగగానే ఏమీ అడక్కండి. నా గురించి అసలే అడక్కండి.” పొద్దున జరిగిందంతా చెప్పింది.

అవతలి నుంచి అతని ఏడుపు వినిపించింది.

“ఎంత పని చేశాం మనం,” అన్నాడు.

మనం అనే మాట అతని నోట విని ఎన్నేళ్ళయిందో! ఆమె ఫోన్ పెట్టేయలేదు. ఒకరినొకరు ఒక్క మాట కూడా అనుకోకుండా, కూతురి కోసం ఇద్దరూ ఏడుస్తూ ఉండిపోయారు.